ట్రీస్టాండ్‌ను వీపున మోయడం: బ్యాగు చిరగకుండా ఏ పద్ధతి ఎవరికి?

ట్రీస్టాండ్ అంటే వేటలో చెట్టుకి ఎత్తున కట్టుకుని కూర్చునే సీటు. ఆ స్టాండ్‌ను బ్యాగుకి కట్టకండి. కుదిరితే బ్యాగునే స్టాండ్‌కి కట్టండి. దూరం, బరువు ఎక్కువైతే గట్టి చట్రం (ఫ్రేమ్) ఉన్న ప్యాక్ తీసుకోండి. తొందరలో ఉన్నవాళ్ళకి ఈ మూడు ముక్కలు చాలు. ఎందుకు, ఎవరికి ఏది, పట్టీ ఎంత పొడవు, ఫోమ్ ఎంత మందం అనేవి తెలుసుకోవాలనుకునేవాళ్ళు కిందికి రండి.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం కాబట్టి, ఇది అమెరికాలో మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా, జార్జియా లాంటి చోట్ల లైసెన్సు తీసుకుని తెల్లతోక జింకల వేటకి వెళ్ళే మనవాళ్ళ కోసం. పొలంలో మంచె ఒకసారి కడితే పంట ఇంటికొచ్చేదాకా అక్కడే ఉంటుంది. ఇక్కడ ఆ సుఖం లేదు. చాలా రాష్ట్రాల ప్రభుత్వ అడవుల్లో స్టాండ్‌ను చెట్టుకి రాత్రిపూట వదిలేయడం మీద ఆంక్షలుంటాయి, వదలనిచ్చే చోట దొంగల భయం. అందుకే తెల్లవారుజామున మోసుకెళ్ళి, చీకటి పడ్డాక మోసుకొచ్చేవాళ్ళు ఎక్కువ. సీజన్ సగం గడిచేసరికి చాలామంది బ్యాగు కింది మూలల్లో చిల్లులు కనిపించేది ఇందుకే.

ఎంత మోస్తున్నాం?

ముందు కాటా మీద పెట్టి చూడండి. హ్యాంగాన్ అంటే పట్టీతో చెట్టుకి కట్టే స్టాండ్: కూర్చోడానికి సీటు, కాళ్ళు పెట్టుకోవడానికి ప్లాట్‌ఫామ్. అల్యూమినియం హ్యాంగాన్ తేలికైనదైతే 8 నుంచి 14 పౌండ్లు, ఇనుపదైతే 15 నుంచి 20 పౌండ్ల దాకా ఉంటుంది. చెట్టు ఎక్కడానికి కాండానికి కట్టే మెట్ల కడ్డీలు, అంటే స్టిక్స్, నాలుగు కలిపి 8 నుంచి 12 పౌండ్లు. దీనికి తోడు పడిపోకుండా వేసుకునే హార్నెస్, దాని తాళ్ళు, చలి బట్టలు, రెండు లీటర్ల నీళ్ళు, విల్లు. అన్నీ కలిపితే 30 నుంచి 40 పౌండ్లు, అంటే సుమారు 14 నుంచి 18 కిలోలు అవుతుంది. రెండు భాగాలుగా ఉండి మనిషితో పాటే చెట్టు పైకి జరిగే క్లైంబర్ రకం స్టాండ్ అయితే ఒక్కటే 20 పౌండ్ల దగ్గర తూగుతుంది, కాకపోతే దానికి స్టిక్స్ అక్కర్లేదు. నిచ్చెన స్టాండ్ సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. అది బండి మీద తెచ్చి సొంత పొలంలో నిలబెట్టుకునే సరుకు.

పద్దెనిమిది కిలోల బరువుకి బ్యాగు చిరగదు. చిరిగేది ఆ బరువు ఏ భాగం మీద పడుతోందన్న దాన్ని బట్టి.

బ్యాగు మూడు రకాలుగా పాడవుతుంది

మొదటిది రాపిడి. హ్యాంగాన్ ప్లాట్‌ఫామ్ అంచున బూటు జారకుండా పళ్ళుంటాయి. చెట్టుకి ఆనే V ఆకారపు బ్రాకెట్‌కి బెరడులో దిగే పళ్ళుంటాయి. నడిచేటప్పుడు అడుగడుక్కీ స్టాండ్ కాస్త పైకీ కిందికీ, పక్కకీ కదులుతుంది. ఆ కదలిక కొన్ని మిల్లీమీటర్లే, కానీ వేల అడుగులు. ముందు బ్యాగు మీద నల్లటి అల్యూమినియం మరక కనిపిస్తుంది. తర్వాత నూలు పైకి లేచి నూగులా తయారవుతుంది. ఆ తర్వాత బట్ట వెనక పూత తెల్లగా బయటపడుతుంది, అప్పటినుంచి వాన నీళ్ళు లోపలికే. చిల్లు అన్నిటికంటే చివర పడుతుంది. నల్ల మరక దశలోనే ఆగి ఏదో ఒకటి అడ్డం పెట్టినవాళ్ళకి బ్యాగు మిగులుతుంది. వేట బ్యాగుల్లో ఎక్కువగా వాడే 500 డెనియర్ కార్డ్యురా (ఒక గట్టి నైలాన్ బట్ట, డెనియర్ దాని నూలు మందం కొలత) గట్టిదే. 1000 డెనియర్ దానికంటే మందం, బరువు కూడా. అయితే పళ్ళున్న లోహం ముందు రెండూ ఓడిపోయేవే, ఒకటి ముందు, ఒకటి వెనక. ట్రెక్కింగ్ కోసం చేసిన పల్చటి నైలాన్ బ్యాగులనైతే అసలు స్టాండ్ దగ్గరికే రానివ్వకండి. వాటి వెనక వైపు ఉండే వల జేబులో స్టిక్ మెట్టు ఒక్కసారి తగులుకుంటే చాలు.

రెండోది కుట్టు తెగడం. బ్యాగు పక్కల ఉండే కంప్రెషన్ స్ట్రాప్‌లు లోపలున్న సామాను కదలకుండా బిగించడానికి పెట్టినవి. బయట వేలాడే బరువు మోయడానికి కాదు. వాటికి ఆరు కిలోల స్టాండ్ తగిలించి, రోడ్డు పక్క గుంటలోంచి ఒక్క దూకు దూకితే ఆ కుదుపంతా పట్టీ మొదట్లో ఉన్న అర అంగుళం కుట్టు మీద పడుతుంది. అలాంటప్పుడు పట్టీ తెగదు, అది కుట్టిన చోట బట్టే చీలుతుంది. బాగుచేయడానికి ఇదే కష్టమైన చోటు.

మూడోది వెనక్కి గుంజడం. నిండు బ్యాగు వెనక స్టాండ్ కడితే దాని బరువు మీ వెన్నుకి 30 సెంటీమీటర్ల దూరాన వేలాడుతుంది. బిందె చంకన పెట్టుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడానే ఇది. ఆ లాగుడు ముందుగా భుజం పట్టీల పై కుట్టు మీద, లోడ్ లిఫ్టర్ల (భుజం పట్టీల పై కొసని బ్యాగు వైపు లాగి ఉంచే చిన్న పట్టీలు) మీద పడుతుంది. మనిషి ముందుకి వంగి నడుస్తాడు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. బ్యాగు సంగతి సరే, నడుము సంగతి కూడా చూసుకోవాలి కదా.

ఇప్పుడు పద్ధతులు.

మామూలు డే ప్యాక్ వెనక కట్టడం

అందరూ మొదలుపెట్టేది ఇక్కడే, ఎందుకంటే బ్యాగు అప్పటికే ఇంట్లో ఉంటుంది. పైన చెప్పిన మూడు జబ్బులూ దీనికి పూర్తిగా ఉన్నాయి. హ్యాంగాన్‌కీ, క్లైంబర్‌కీ ఇది వద్దే వద్దు. ఒక్క సందర్భంలో పనికొస్తుంది: శాడిల్ (నడుముకి కట్టుకుని చెట్టుకి వేలాడే సీటు) వేటవాళ్ళు కాళ్ళు పెట్టుకోవడానికి వాడే చిన్న ప్లాట్‌ఫామ్. అది 3 నుంచి 5 పౌండ్లే ఉంటుంది కాబట్టి, పళ్ళకి తొడుగు వేసి కింది రెండు కంప్రెషన్ స్ట్రాప్‌ల మధ్య బిగించి, పైన హాల్ లూప్‌కి (బ్యాగును ఎత్తే పట్టీ) ఒక కారబినర్ (స్ప్రింగు మూత ఉన్న కొక్కెం) తగిలిస్తే సరిపోతుంది. అప్పుడు కూడా బట్టలు లోపల మెత్తగా ప్లాట్‌ఫామ్ వైపు సర్దండి. థర్మాస్ లాంటి గట్టి వస్తువు బట్టకి అవతల ఉంటే, లోహానికీ లోహానికీ మధ్య పడి బట్ట నలుగుతుంది.

స్టాండే ఫ్రేమ్, బ్యాగు దాని మీద

ఉన్నవాటిలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది ఇదే. హ్యాంగాన్ మడిస్తే అది బల్లపరుపు అల్యూమినియం చట్రం. దానికే భుజం పట్టీలు వేసి వీపున తగిలించుకుని, సామాను బ్యాగును బయటి వైపు కట్టుకుంటారు. స్టాండ్ బరువు బ్యాగు మీద ఇసుమంత కూడా పడదు. చెట్టు దగ్గరికి వెళ్ళాక రెండు బకిల్స్ విప్పితే బ్యాగు ఒకవైపు, స్టాండ్ ఒకవైపు.

చాలా స్టాండ్లతో పాటు వచ్చే పట్టీలు ఒక అంగుళం వెడల్పు ఉత్త వెబ్బింగ్ (మెత్త లేని నేత పట్టీ). అర కిలోమీటరు దాటితే అవి భుజంలోకి దిగుతాయి. వాటి స్థానంలో మెత్త ఉన్న పట్టీలు, ఒక హిప్ బెల్ట్ (నడుం పట్టీ) వేయండి. పాత బ్యాగు నుంచి కత్తిరించినవైనా పర్వాలేదు. పై కొసలు ప్లాట్‌ఫామ్ అడ్డకమ్మీకి 4 లేదా 5 అంగుళాల ఎడంతో, కింది కొసలు రెండు మూలలకి. ప్లాట్‌ఫామ్ అడుగుభాగం మీ వీపు వైపు, సీటు బయటికి. వీపుకి ఆనే ఆ అడుగుభాగానికి అర అంగుళం మందం నీళ్ళు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్‌ను 12 అంగుళాలు బై 18 అంగుళాలు కోసి, ఆరు జిప్ టైలతో కట్టేయండి. యోగా మ్యాట్ మడిచినా సరిపోతుంది. అడుగున ఉంటుంది కాబట్టి ఎక్కి నిలబడినప్పుడు కాళ్ళకి తగలదు. జిప్ టై తోకలు మొదలంటా కోయాలి, లేకపోతే అవే చొక్కాని గీరుతాయి.

బ్యాగు కట్టడానికి 1 అంగుళం వెడల్పు, 6 అడుగుల పొడవు క్యామ్ బకిల్ (లాగి బిగిస్తే పట్టి ఉంచే క్లిప్పు) పట్టీలు రెండు కావాలి. బ్యాగు హాల్ లూప్‌ను ముందు ప్లాట్‌ఫామ్ పై కమ్మీకి కారబినర్‌తో తగిలించండి, జారిపోదు. తర్వాత ఒక పట్టీ బ్యాగు పై మూడో వంతులో, ఒకటి కింది మూడో వంతులో అడ్డంగా చుట్టి బిగించండి. బ్యాగు భుజం పట్టీలు లోపలికి మడిచేయండి, వేలాడితే ముళ్ళకంపకి తగులుకుంటాయి. స్టిక్స్‌ను ఒకదాంట్లో ఒకటి ఇరికించి నిలువుగా స్టాండ్ పక్కకి కట్టండి, బ్యాగు పక్కకి కాదు.

లోపం లేదని కాదు. స్టాండ్ ఫ్రేమ్ మనిషి వీపు కొలతకి చేసింది కాదు కాబట్టి హిప్ బెల్ట్ మీదికి బరువు సగం కూడా దిగదు, మిగతాది భుజాల మీదే. కిలోమీటరున్నర దాకా బాగుంటుంది. కొండలెక్కే చోట అలసట తెలుస్తుంది.

క్లైంబర్ ఉన్నవాళ్ళకి ఇది తప్ప వేరే దారి లేదనే చెప్పాలి. సమ్మిట్ వైపర్ లాంటి వాటి రెండు భాగాలు ఒకదాంట్లో ఒకటి ఇమిడినా మడత మందంగా, ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఏ ప్యాక్‌కి కట్టినా బరువు వెనక్కి లాగుతుంది. సీటు చట్రం లోపలి ఖాళీలో చిన్న బ్యాగు ఇరికించి, చెట్టు చుట్టూ వేసే కేబుల్ కొసలు బ్యాగు వైపు రాకుండా తిప్పి కట్టుకోవడమే మేలు.

లోడ్ షెల్ఫ్ ఉన్న ఫ్రేమ్ ప్యాక్

మిస్టరీ రాంచ్, స్టోన్ గ్లేసియర్, కిఫారు, ఎక్సో లాంటి కంపెనీల వేట ప్యాక్‌లలో బ్యాగును ఫ్రేమ్ నుంచి వదులు చేసి, రెంటి మధ్య బరువు పెట్టే వీలుంటుంది. జంతువు మాంసం మోయడానికి చేసిన ఏర్పాటు అది. ఆ చోటులో హ్యాంగాన్ కూడా చక్కగా కూర్చుంటుంది. బరువు వెన్నుకి దగ్గరగా ఉంటుంది, హిప్ బెల్ట్ మీదికి నిజంగా దిగుతుంది. రెండు మూడు కిలోమీటర్లు నడిచేవాళ్ళకి, జింక దొరికితే మాంసం కూడా వీపునే తేవాలనుకునేవాళ్ళకి దీనికి మించింది లేదు. ధర కూడా అలాగే ఉంటుంది: ఉన్నవాటిలో ఖరీదైనది ఇదే. కేవలం స్టాండ్ కోసమే కొంటే తడిసి మోపెడవుతుంది.

కట్టే వరస ముఖ్యం. ఫ్రేమ్‌ను భుజం పట్టీలు నేల వైపు ఉండేలా పడుకోబెట్టి, బ్యాగు బకిల్స్ ఒకవైపువి విప్పి పుస్తకంలా తెరవండి. స్టాండ్‌ను పొడవు నిలువుగా, ప్లాట్‌ఫామ్ అడుగు ఫ్రేమ్‌కి ఆనేలా పెట్టండి. ఇప్పుడు రెండు క్యామ్ పట్టీలతో స్టాండ్‌ను ఫ్రేమ్ కమ్మీలకే కట్టేయాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. బ్యాగు బకిల్స్‌నే నమ్ముకుని పైనుంచి బ్యాగు మూసేస్తే, స్టాండ్ మళ్ళీ బ్యాగు కుట్ల మీదే వేలాడినట్టు. స్టాండ్ కదలనంత బిగిశాక దాని మీద ఒక కాన్వాస్ ముక్కో, మందపాటి జాకెట్టో పరిచి, బ్యాగు మూసి, పక్క పట్టీలు ఊగకుండా ఉండేంత మాత్రమే లాగండి.

కొన్ని ప్యాక్‌లలో షెల్ఫ్ అంటే అల్యూమినియం పలక కాదు, ఉత్త బట్ట. ప్లాట్‌ఫామ్ రెండు మూలలు సరిగ్గా దాని మీద కూర్చుని కోసేస్తాయి. కుర్చీ కాళ్ళకి తొడిగే రబ్బరు బుష్‌లు మూలలకి సరిపోతే తొడగండి, సరిపోకపోతే సైకిల్ ట్యూబు ముక్క రెండు పొరలుగా చుట్టండి.

దీని అసౌకర్యం చెట్టు దగ్గర తెలుస్తుంది. చీకట్లో, చప్పుడు చేయకుండా, స్టాండ్ బయటికి తీయాలంటే ముందు బ్యాగు తెరవాలి, అది ఒకవైపు వాలిపోతుంది, ఆకుల మీద గలగల. హార్నెస్, చెట్టు చుట్టూ వేసే లైన్‌మన్ తాడు, స్టాండ్‌ను పైకి లాక్కునే తాడు బ్యాగు పై జేబులో ఉంచుకుంటే కొంత నయం. వీలైతే హార్నెస్ బండి దగ్గరే వేసుకుని బయలుదేరండి.

ఉత్త ఫ్రేమ్

బ్యాగు లేని లోహపు ఫ్రేమ్ మీద నేరుగా స్టాండ్ కట్టడం. ఆల్ప్స్ అవుట్‌డోర్జ్ వాళ్ళ ఫ్రైటర్ ఫ్రేమ్ ఇలాంటిదే. అమెరికా సైన్యపు మిగులు సామాను అమ్మే సర్‌ప్లస్ దుకాణాల్లో దొరికే పాత ఆలిస్ అల్యూమినియం ఫ్రేమ్, తర్వాత వచ్చిన మోలీ 1606 ప్లాస్టిక్ ఫ్రేమ్ చవకైన దారులు (ఆలిస్, మోలీ సైన్యపు ప్యాక్‌ల పేర్లు). చిరగడానికి బట్టే లేదు కాబట్టి ఈ శీర్షికలోని ప్రశ్నే ఇక్కడ పుట్టదు. 1606కి అంచుల పొడవునా పట్టీలు దూర్చే చీలికలుంటాయి, ప్లాస్టిక్ కాబట్టి లోహం తగిలినా చప్పుడు తక్కువ. ఆలిస్ గొట్టాలకి స్టాండ్ తగిలితే మాత్రం గంట కొట్టినట్టే, ఫోమ్ గొట్టం తొడుగు తప్పనిసరి. సర్‌ప్లస్ ఫ్రేమ్ కొనేటప్పుడు ఆలిస్‌లో రివెట్లు వదులయ్యాయా, 1606లో చీలికల మూలల దగ్గర పగుళ్ళున్నాయా చూసుకోండి. భుజం పట్టీలు, నడుం బెల్టు తరచుగా విడిగా కొనాల్సి వస్తుంది. అవి కూడా కలిపాకే ధర పోల్చండి.

స్టాండ్ ఇంకా కొనకపోతే

అప్పుడు మోసే పద్ధతి కంటే ముందు మోసేదాన్నే మార్చే వీలుంది. పైన చెప్పిన శాడిల్ ఒకటి ఒకటిన్నర కిలో. చిన్న ప్లాట్‌ఫామ్, పొట్టి స్టిక్స్ కలిపినా మామూలు బ్యాగులో పడుతుంది. కాకపోతే గంటల తరబడి అందులో ఉండటం అందరికీ నచ్చదు, తాళ్ళతో పని నేలకి దగ్గరగా బాగా సాధన చేశాకే పైకి వెళ్ళాలి. ఇక చక్రాల బండి: దారి చదునుగా ఉంటే హాయి. కానీ 1964 చట్టం కింద వైల్డర్‌నెస్‌గా, అంటే సహజంగా వదిలేసి కాపాడే అడవిగా, ప్రకటించిన ఫెడరల్ అడవుల్లో చక్రం ఉన్న ఏ బండీ తీసుకెళ్ళకూడదు, జింకను లాగే చిన్న బండి కూడా.

తొడుగులు, పట్టీలు

ఏ పద్ధతైనా పళ్ళకి తొడుగు కావాలి. తోటకి నీళ్ళు పెట్టే రబ్బరు పైపును ప్లాట్‌ఫామ్ అంచు పొడవుకి కోసి, ఒకవైపు నిలువునా చీల్చి అంచుకి తొడగండి. రెండు చోట్ల వెల్క్రో పట్టీ వేస్తే ఊడదు. బ్రాకెట్ పళ్ళకి కాన్వాస్‌ను నాలుగు మడతలు వేసి కుట్టిన చిన్న సంచి చాలు. పళ్ళను ఆకురాయితో అరగదీసే ఆలోచన మానుకోండి. అవి చెట్టుని పట్టుకునేవి, మిమ్మల్ని పైన నిలిపేవి. ఫ్రేమ్‌కి రంధ్రాలు వేయడం కూడా అంతే, బలం తగ్గుతుంది, వారంటీ పోతుంది.

ఒక్క జాగ్రత్త, ఇది బ్యాగుకి కాదు ప్రాణానికి సంబంధించింది. బ్రాకెట్ తొడుగు తీయకుండా స్టాండ్ కడితే పళ్ళు బెరడులో దిగవు, ఎక్కగానే స్టాండ్ జారుతుంది. అందుకే ప్రతి తొడుగుకీ నారింజ రంగు రిబ్బన్ తోక ఒకటి కట్టి, ఎన్ని తొడుగులో ఒక అంకె గుర్తుపెట్టుకోండి. అన్నీ జేబులోకి వచ్చాకే స్టాండ్ పైకి.

పట్టీల్లో నైలాన్ తడిస్తే సాగుతుంది, మంచులో కిలోమీటరు నడిచేసరికి వదులైపోతుంది. పాలియెస్టర్ తీసుకోండి. పిడి ఆడిస్తూ బిగించే ర్యాచెట్ పట్టీలు వద్దు: చప్పుడు, పైగా చేతికి తెలియకుండా ఫ్రేమ్‌ను వంచేంత బిగిస్తాయి. సాగే బంగీ తాళ్ళు అసలు వద్దు. స్టాండ్ ఊగడానికి అవే కారణం, ఊగడమే రాపిడికి కారణం. గడ్డకట్టే చలిలో ప్లాస్టిక్ బకిల్ పెళుసవుతుంది, బూటు కింద పడితే పుటుక్కుమంటుంది. కుట్టు విప్పకుండా ఎక్కించే చీలిక కమ్మీ ఉన్న 1 అంగుళం బకిల్ ఒకటి జేబులో ఉంచుకుంటే ఆ రోజు వృథా కాదు.

కట్టాక ఎత్తు చూసుకోండి. పై అంచు తల దాటితే కొమ్మలకి తగులుతుంది, కింది అంచు పిరుదుల కిందికి దిగితే అడుగడుక్కీ తొడల వెనక కొడుతుంది. వెడల్పు భుజాలు దాటకూడదు. తుపాకీ సీజన్‌లో స్టాండ్ మీద ఇతర వేటగాళ్ళకి కనపడేలా నారింజ గుడ్డ కట్టండి, మీ జాకెట్టు మీదున్న నారింజను స్టాండ్ కప్పేస్తుంది కదా.

మరి ఏది?

నడక కిలోమీటరున్నర లోపు, చేతిలో హ్యాంగాన్, ఇంట్లో మామూలు బ్యాగు: స్టాండ్‌కి మంచి భుజం పట్టీలు వేసి బ్యాగు దాని మీద కట్టండి, మరో ఆలోచన వద్దు. కిలోమీటరున్నర దాటితే, కొండలుంటే, మాంసం కూడా మోయాలనుకుంటే లోడ్ షెల్ఫ్ ప్యాక్. దూరం అంతే ఉండి డబ్బు తక్కువైతే 1606 ఫ్రేమ్, దాని మీద స్టాండ్, స్టాండ్ మీద చిన్న బ్యాగు. రెంటి మధ్య ఊగిసలాడేవాళ్ళు ముందు స్టాండ్ పట్టీల పద్ధతితో ఒక సీజన్ గడపడం మంచిది. అప్పుడు కొన్న ఫోమ్, క్యామ్ పట్టీలు, తొడుగులు రేపు ఏ ఫ్రేమ్ కొన్నా పనికొస్తాయి.

కొత్త కట్టు ఏదైనా అడవికి ముందు ఇంటి దగ్గర మోసి చూడండి. మొత్తం సామానుతో ఇరవై నిమిషాలు నడిచి, నాలుగుసార్లు మెట్లెక్కి దిగి, విప్పి బ్యాగు మీద నల్ల మరక ఎక్కడుందో చూడండి. మరక ఉన్న చోట తొడుగు చాలలేదన్నమాట. అప్పటికే చిల్లు పడిన బ్యాగైతే చిన్న రంధ్రానికి అతికించే నైలాన్ ప్యాచ్‌ను మూలలు గుండ్రంగా కోసి, లోపలా బయటా రెండు వైపులా వేయండి. మూల పదునుగా ఉంటే అక్కడే లేస్తుంది. పట్టీ మొదట్లో కుట్టు తెగితే ప్యాచ్ ఆగదు. వెనక వెబ్బింగ్ ముక్క ఆసరాగా పెట్టి బాండెడ్ నైలాన్ దారంతో కుట్టాలి. మన ఊళ్ళో చెప్పులు కుట్టేవాళ్ళు పది నిమిషాల్లో చేసే పని, ఇక్కడ షూ రిపేర్ దుకాణం వెతుక్కోవాలి.